పనివేళలకూ ఒక చెలియలికట్ట

సందేహం: మందుల ఫ్యాక్టరీ ప్యాకింగు విభాగంలో కొత్తగా చేరాను. నియామక పత్రంలో "పనివేళలు 8 గంటలు. అవసరాన్ని బట్టి అధిక సమయం పనిచేయాలి. అందుకు రెండు రెట్లు అదనంగా భత్యం చెల్లించబడును" అని ఉంది. పనివేళలు, పని గంటలు ఒకటేనా? ఓవర్‌టైంకు 'అధిక సమయం' సరైన మాటేనా? – ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

సమాధానం: ఒకటి కావు, అమ్మా. ఎంతసేపు అన్న ప్రశ్నకు జవాబు పని గంటలు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నదానికి జవాబు పనివేళలు. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు పనివేళలైతే, నడుమ గంట భోజన విరామం తీసివేయగా మిగిలేవి 8 పని గంటలు. "పనివేళలు 8 గంటలు" అని రాస్తే మీరు గేటు లోపలికి ఎప్పుడు పోవాలో, బయటికి ఎప్పుడు రావచ్చో తేలదు సరికదా, ఎనిమిదింటికి రమ్మన్నారేమో అనే అనుమానం కూడా మిగులుతుంది. చట్టం రాసినవారు ఈ రెండింటినీ కలపలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 54వ సెక్షన్‌లో రోజుకు 9 గంటలకు మించి పని ఉండరాదని చెప్పి, విరామాలతో కలిపి మొత్తం పదిన్నర గంటలకు మించి సాగరాదని 56వ సెక్షన్‌లో వేరుగా చెప్పింది.

గంట గురించి ఒక మాట చాలు. అది సంస్కృత 'ఘంటా' శబ్దభవం; మోగే వస్తువు పేరు మోగిన కాలానికి వచ్చింది. అంతకుముందు మనవి ఘడియలు, రోజుకు అరవై. మీ ఎనిమిది గంటలు ఇరవై ఘడియలవుతాయి.

నా మనసంతా 'వేళ' మీదే ఉంది. ఇది సంస్కృత 'వేలా' శబ్దం మన నోట పడి, లకారం ళకారమై నిలిచిన రూపం. వేల అంటే కాలమని మాత్రమే అనుకుంటాం గాని, "అబ్ధ్యంబువికృతౌ వేలా కాలమర్యాదయోరపి" అంటాడు సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు. సముద్రపు నీటి పొంగు, కాలం, హద్దు అనే మూడర్థాలు ఆ ఒక్క మాటలో ఉన్నాయి. రఘువంశం మొదటి సర్గలో దిలీపుడు ఏలిన భూమికి కోటగోడ ఈ వేలే, అగడ్త సముద్రమే. తెలుగువారు ఈ హద్దుకు 'చెలియలికట్ట' అనే అందమైన మాటను సొంతంగా చేసుకున్నారు. సముద్రం ఎంత ఎగిసినా చెలియలికట్ట దాటదని మనవారి నమ్మకం. కాబట్టి వేళ అంటే ఊరికే జారిపోయే కాలం కాదు, ఇంతవరకే అని గీత గీసిన కాలం. వేళకు తినమని అమ్మ అన్నా, వేళ మించిందని పురోహితుడు తొందరపెట్టినా, వేళ కాని వేళ వచ్చాడని ఇరుగుపొరుగు విసుక్కున్నా ఆ గీత కనబడుతూనే ఉంటుంది. 'సమయం' అనే మాటను ఆ మూడు చోట్లా పెట్టి చూడండి, చప్పబడిపోతుంది. నేటి పత్రికలు పనివేళలనే చక్కని మాటను పక్కన పెట్టి 'విధుల సమయాలు' అని ఎందుకు రాస్తున్నాయో వాటికే తెలియాలి.

ఇంకా రుచికరమైన సంగతి ఒకటుంది. హద్దు దాటినదాన్ని సంస్కృతం 'అతివేలం' అంటుంది. "అతివేల భృశాత్యర్థాతిమాత్రోద్గాఢనిర్భరమ్" అని, మితిమీరినదానికి ఉన్న మాటల వరుసలో అమరుడు దీన్నీ నిలిపాడు. ఓవర్‌టైం అనే ఇంగ్లీషు మాటకు ఇంతకంటే దగ్గరి మాట దొరకదు. పైగా మితిమీరిందనే చురక అందులోనే ఉంది! అయినా దీన్ని నియామక పత్రాల్లోకి ఎక్కించమని నేను చెప్పను. ఫ్యాక్టరీ గేటు దగ్గర "ఈ రోజు అతివేలం ఉందా?" అని అడిగితే నవ్వుతారు. కార్మికులు 'ఓటీ' అంటారు, 'ఓటీ కొట్టాను' అంటారు. ఆర్టీసీవారికి 'డబుల్ డ్యూటీ' ఉంది. అవి బతికున్న మాటలు. కాగితం మీద తెలుగే కావాలంటే 'అదనపు పని' చాలు. (అదను వేరు, అదనం వేరు, ఆ రెండింటికీ ముడిపెట్టే సాహసం నేను చేయను.) 'అధిక సమయం' మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. "అధిక సమయం పనిచేయాలి" అంటే తెలుగువాడికి రోజులో ఎక్కువసేపు పనిచేయాలని తోస్తుందే తప్ప, వేళ దాటాక పనిచేయాలని తోచదు.

అదనం అన్నాక దేనికి అదనమో కూడా పత్రం చెప్పాలి. 2025 నవంబరుదాకా అమల్లో ఉన్న 1948 చట్టం 59వ సెక్షన్ లెక్కలో రోజుకు 9 గంటలు గాని, వారానికి 48 గంటలు గాని దాటిన పని అదనపు పనిగా ఉండేది. మీ పత్రంలోని గీత 8 దగ్గర ఉంది. తొమ్మిదో గంట మీ పత్రం ప్రకారం అదనమే. ఆ పాత చట్టం ప్రకారం, వారం మొత్తం 48 దాటితే తప్ప, అదనం అయ్యేది కాదు. అలా రెండు చెలియలికట్టలుండేవి. మీ ఫ్యాక్టరీలో దేన్ని పాటిస్తారో చేరినప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది.

'భత్యం' కూడా కుదరదు. బత్తెం ఖర్చులకిచ్చేది, వేతనం పనికిచ్చేది. అదనపు గంట కూడా పనే. 'చెల్లించబడును' అన్న క్రియను చూస్తే ఇచ్చేవారెవరో చెప్పడానికి రాసినవారు జంకినట్లుంది. 'చెల్లిస్తాం' అంటే సరిపోయేది.

చివరిది 'రెండు రెట్లు అదనంగా'. 1948 చట్టంలో ఉన్నది మామూలు వేతనానికి రెట్టింపు. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి (కోడ్)లోనూ రెట్టింపే. గంటకు 100 రూపాయలు వచ్చేవారికి రెట్టింపు అంటే 200. రెండు రెట్లు అదనంగా అంటే 100కు మరో 200 చేరి, నిక్కచ్చిగా లెక్కగడితే 300 అవుతుంది. వాడుకలో ఈ తేడాను చాలామంది పాటించరు కనుక, రాసినవారు 200నే ఉద్దేశించి ఉంటారని నా ఊహ. 'రెట్టింపు' అని దిద్దించుకోవడం భాష దృష్ట్యా సరైన పని. దిద్దించుకోకపోతేనే మీకు లాభమన్న వాదన కూడా ఉంది గాని, అది వ్యాకరణం పరిధిలోకి రాదు.