ఘాట్ దిగే పాత కారుకు వెనక డిస్కు బ్రేకులు

ప్రశ్న: మాది 2005 నాటి మారుతి ఎస్టీమ్. ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉన్నాయి. ఇంటిల్లిపాదీ తరచూ పలమనేరు వెళ్లి వస్తుంటాం. తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాట్ దిగేసరికి బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి పోతోంది. బండి చల్లారాక మళ్లీ బాగానే ఉంటోంది. వెనక డ్రమ్ములు తీసేసి, పాత సామాన్ల అంగట్లో దొరికే వేరే కారు డిస్కులు బిగిస్తే సరిపోతుందనీ, హ్యాండ్ బ్రేకు మాత్రం ఉండదనీ మెకానిక్ అంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చేయించవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే రోగం ఒకచోట, మందు ఒకచోట అయ్యేలా ఉంది. బ్రేకు వేసినప్పుడు, అందులోనూ దిగుడులో, బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో సుమారు 70 శాతం, ఒక్కోసారి అంతకు మించి, ముందు చక్రాల మీదే పడుతుంది; ఎక్కువ వేడెక్కేవీ అవే. డిస్కును అదిమిపట్టే ప్యాడ్లు వేడికి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. వెనక డ్రమ్ము వేడికి వ్యాకోచిస్తే పెడల్ కొంత లోపలికి పోతుంది గాని స్పాంజిలా మెత్తబడదు. మెత్తబడి, చల్లారాక గట్టిపడుతోందంటే ముందుగా అనుమానించవలసింది బ్రేక్ ఆయిల్‌ను.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే తరగతి ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీల దాకా పడిపోవచ్చు. మరిగి ఆవిరి బుడగలు పుట్టాక, మీరు తొక్కే తొక్కుడంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చయిపోతుంది. అందుచేత పాత ఆయిల్ పూర్తిగా తీయించి, నాలుగు చక్రాల వద్దా గాలి తీయిస్తూ, ఇంకా ఎక్కువ వేడికి ఓర్చే డాట్ 4 నింపించండి, రెండేళ్లకోసారి మార్పించండి. ముందు డిస్కుల మందం, ప్యాడ్లు, వాటిని డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిన్నులు తేలికగా కదులుతున్నాయో లేదో చూపించండి. వెనక డ్రమ్ము విప్పినప్పుడు వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచును మెల్లగా ఎత్తి చూడమనండి. లోపల తడి కనిపిస్తే సిలిండర్ కారుతున్నట్టే. డ్రమ్ము లోపల ఒరుసుకుని ఆపే షూలను డ్రమ్ముకు దగ్గరగా జరిపే అడ్జస్టర్ తుప్పు పట్టి బిగుసుకుపోయినా పెడల్ లోపలికి పోతుంది.

ఘాట్‌ను రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మనవాళ్లలో ఇంకా పోలేదు. మీది ఎంపీఎఫ్‌ఐ, అంటే పెట్రోలును కంప్యూటర్ అదుపులో చిమ్మే ఇంజన్ కాబట్టి, గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితేనే పెట్రోలు ఆగుతుంది, న్యూట్రల్‌లో ఆగదు.

ఇక మెకానిక్ చెప్పిన మార్పు సంగతి. డ్రమ్ము తిరుగుడే ఒక షూను తనవైపు లాక్కుని పట్టు పెంచుతుంది. డిస్కుకు ఆ సౌకర్యం లేదు కనుక దానికి పెద్ద పిస్టన్, ఎక్కువ ఒత్తిడి కావాలి. పెద్ద పిస్టన్ ఎక్కువ ఆయిల్ అడుగుతుంది, పాత మాస్టర్ సిలిండర్ అంత పంపలేకపోతే పెడల్ ఇప్పటికంటే లోతుకు పోతుంది. వెనక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని అదుపు చేసే వాల్వ్ కూడా డ్రమ్ములకు సరిపోయేలా కంపెనీ అమర్చినదే. డిస్కులు వేశాక ఆ లెక్క తప్పి, తడి మలుపులో వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి తోక తిప్పేస్తుంది. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో పైపులు ఐమూలగా, ఒక ముందు చక్రానికీ దాని ఎదురు మూల వెనక చక్రానికీ ఒకే దారిగా, వేసి ఉంటాయి కాబట్టి, బజారులో దొరికే వాల్వ్ ఒకటి బిగించి దీన్ని సరిచేయడమూ కుదరదు. పైగా మీ 13 అంగుళాల చక్రంలో వేరే కారు క్యాలిపర్ పట్టకపోవచ్చు.

వీటన్నిటికంటే నాకు అభ్యంతరకరంగా తోచింది హ్యాండ్ బ్రేకును వదిలేద్దామన్న మాట. ఆయిల్ బ్రేకులు పూర్తిగా చేతులెత్తేసిన క్షణంలో తీగ మీద పనిచేసే ఆ బ్రేకు ఒక్కటే మీకు మిగులుతుంది. అది లేని కారుకు చట్టం ఒప్పుకోదు. 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ తప్పదు; ఆ తనిఖీలో అలాంటి కారు నిలవదు. చెప్పకుండా చేసిన మార్పు ఇన్సూరెన్సు కంపెనీ చేతికి సాకు ఇచ్చినట్టే.

ప్రశ్న: మా కారు మోడల్‌లోనే ఖరీదైన వేరియంట్‌కు కంపెనీవారు వెనక డిస్కులు ఇచ్చారు. తిరుమలకు తరచూ వెళ్తుంటాను. ఆ భాగాలు నా బండికి వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వీలవుతుంది గాని సగం సామానుతో కాదు. హబ్బులు, హ్యాండ్ బ్రేకు మీట ఉన్న క్యాలిపర్లు, తీగలు, మాస్టర్ సిలిండర్, వాల్వ్ అన్నీ ఆ వేరియంట్‌వే పార్ట్ నంబర్లు సరిచూసుకుని తెప్పించాలి. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంటే దాని యూనిట్ కూడా సరిపోవాలి. ముందుగా ఆర్టీవో కార్యాలయంలోనూ ఇన్సూరెన్సువారి వద్దా అడిగి తెలుసుకోండి. బిగించాక గాలి తీసే నిపుల్ పైవైపు ఉందో లేదో మీరే వంగి చూడండి; కిందికి ఉంటే ఎడమ, కుడి క్యాలిపర్లు తారుమారైనట్టే, ఎంత తీసినా గాలి పోదు. కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదిగేదాకా చదును రోడ్డు మీద నడిపి, ఆ తరువాతే అలిపిరి దాటండి.