ఎగిరేదాన్ని సరీసృపం అనవచ్చా?

సందేహం: డైనోసార్ల కాలంలో ఎగిరిన టెరోసార్ అనే ప్రాణి శిలాజాల వార్తల్లో కొందరు ‘ఎగిరే సరీసృపం’ అనీ, కొందరు ‘ఎగిరే రాక్షసబల్లి’ అనీ రాస్తున్నారు. సరీసృపమంటే పాకేది కదా! ఏది ఒప్పు?

సమాధానం: ‘ఎగిరే సరీసృపం’ ఒప్పు. ‘సృప్’ ధాతువుకు పాకడమనే అర్థం. సర్పమూ అందులోంచి వచ్చిందే. వ్యుత్పత్తి ప్రకారం మీ సందేహం న్యాయమైనదే. అయితే జంతుశాస్త్రంలో ఆ మాట ఒక తరగతికి రూఢి అయింది. కడలిలో ఈదే తాబేలూ సరీసృపమే. ఇటలీ పండితుడు కొలీని 1784లో వర్ణించిన తొలి టెరోసార్‌ను ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కూవియే 1801లో గుర్తించిందీ ఎగిరే సరీసృపంగానే.

చిక్కల్లా ‘రాక్షసబల్లి’తోనే. తెలుగులో అది డైనోసార్‌కు స్థిరపడింది. టెరోసార్ డైనోసార్ కాదు, దాని దగ్గరి చుట్టం. పైగా కొలీని చూసింది చిన్న ప్రాణి. రాక్షస అనే విశేషణం దానికి అతకదు.

ఇంతకంటే పెద్ద పొరపాటు కొలతల్లో జరుగుతోంది. ‘రెక్క పొడవు 10 మీటర్లు’ అంటే ఒక్కో రెక్కే అంత ఉందనుకుంటారు. ఆ కొలతలో రెండు రెక్కలూ, నడుమ ఒళ్లూ కలిసి ఉంటాయి. ‘రెక్కలు చాపితే కొస నుంచి కొసకు’ అని రాయండి. చివర ‘అని అంచనా’ తప్పక ఉండాలి. క్వెట్జల్‌కొయాట్లస్ అనే భారీ టెరోసార్‌నే తీసుకోండి. 1971లో టెక్సస్‌లోని బిగ్ బెండ్ జాతీయ పార్కులో పరిశోధకుడు డగ్లస్ లాసన్‌కు దొరికింది ఒక రెక్క ఎముకలు, అవీ అసంపూర్ణంగా. మిగతా దేహాన్ని బంధు జాతుల నిష్పత్తులతో లెక్కగట్టాలి. అందుకే 1975లో ఆయన 11, 15.5, 21 మీటర్లని మూడు అంచనాలు ఇచ్చాడు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నది 10–11. ‘భారీ శిలాజం బయటపడింది’ అని ఊరుకోకుండా ఏ ఎముక దొరికిందో చెబితేనే వార్తకు విలువ.

రెక్కను మోసే వేలిని ‘చిటికెన వేలు’ అనడం కూడా తప్పు. బొటనవేలి నుంచి లెక్కిస్తే అది నాలుగోది, మన ఉంగరపు వేలి స్థానం. చిటికెన వేలు వాటికి లేనేలేదు. ఆ నాలుగో వేలి కొస నుంచి ఒంటిదాకా సాగిన చర్మపు పొరే రెక్క.

ఇక వర్ణక్రమం. ఇంగ్లీషులో ఈ పేరును Pterosaur అని ‘Pt’తో మొదలుపెట్టి రాస్తారు. మాట మొదట్లో ‘ప్ట’ మన నోటికి పలకదు, ఇంగ్లీషులోనూ అక్కడ ‘ప’ వినిపించదు; ‘టెరోసార్’ చాలు. నడుమ వస్తే మాత్రం పలుకుతుంది: రుమేనియాలో దొరికిన ‘హాట్జెగాప్టెరిక్స్’ అనే టెరోసార్ పేరులోలాగా. ఈ పేర్లలో ఉన్నది రెక్క అనే అర్థమున్న ‘ప్టెరాన్’ అనే గ్రీకు మాట; అదే ‘హెలికాప్టర్’లోనూ ఉంది, అక్కడా ‘ప్ట’ను వదలం.