పది కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు: పైథాన్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

మాస్టారూ, ఒడిశాలోని మీ పర్లాకిమిడి బడిలో వారానికి రెండే పీరియడ్లు, పది కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు, పైగా కరెంటు కోతలు. ఎనిమిదో తరగతిలోనే పైథాన్ (ఆదేశాలు టైపు చేసి ప్రోగ్రాంలు రాసే భాష) మొదలుపెట్టాలా అని అడిగారు. వద్దండి. బరంపురంలో నేను అలాగే చేస్తే నెల తిరక్కుండానే సగం మంది ఆదేశాల చివర పెట్టాల్సిన కోలన్ (:) గుర్తుల దగ్గరే ఆగిపోయారు.

ఎనిమిదిలో మొదటి మూడు నెలలు మెషీన్ ముట్టుకోనక్కర్లేదు. 1, 2, 4, 8, 16 రాసిన అయిదు అట్టముక్కల్లో కావలసినవి ఎంచి కూడితే 0 నుంచి 31 దాకా ఏ సంఖ్యైనా చేయొచ్చు, కంప్యూటర్ లెక్క కూడా ఇలాగే. తర్వాత స్క్రాచ్, అంటే టైపు చేయకుండా బొమ్మ దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం చేసేది; ఇంటర్నెట్ లేకుండా నడిచేది ఉంది. మెషీన్ దగ్గర ఇద్దరు, పక్కన కాగితం మీద ఇద్దరు, సగం పీరియడ్‌కి మార్చండి.

పైథాన్ తొమ్మిదిలో. మన పిల్లలకు తెలుగు, ఒడియా రెండు లిపులూ వచ్చు కదా, అక్కడ పట్టుకోండి. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ ప్రతి అక్షరానికీ ఇచ్చే సంఖ్యల పట్టికలో, తెలుగు ‘అ’ సంఖ్య 3077, ఒడియా ‘అ’ 2821. తేడా 256. ‘క’ 3093, 2837. మళ్లీ 256! పేరులో ప్రతి అక్షరం సంఖ్య నుంచీ 256 తీసేసే లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం) రాయించండి, తెలుగు పేరు ఒడియాలోకి మారుతుంది. హ్రస్వ ‘ఎ’, ‘ఒ’ ఒడియాలో లేవు కాబట్టి అక్కడ ఖాళీ డబ్బా వస్తుంది. ‘ఇలా అయితే అలా చెయ్యి’ అనే ‘ఇఫ్’ ఆదేశం ఎందుకో అప్పుడు వాళ్లే అడుగుతారు.

పదిలో బడి లైబ్రరీ పుస్తకాల లెక్క రాసే ప్రోగ్రాం ఒక్కటి చాలు.