డౌన్‌పేమెంట్‌కు కూడా అప్పేనా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. నా వయసు 37. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 64 వేలు చేతికొస్తాయి, దసరాకు 60 వేల దాకా బోనస్. ఇంటి లోన్ ఈఎంఐ 17,500. ఇంటి ఖర్చులు, ఇద్దరు పిల్లల ఫీజులు కలిపి 25 వేలు. నా భార్యకు మోకాలి నొప్పి, క్లచ్ తొక్కలేదు. అందుకే ఇద్దరం నడపడానికి వీలుగా నిస్సాన్ మాగ్నైట్ టర్బో సీవీటీ (క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్) తీసుకుందామని 11 వేలిచ్చి బుక్ చేశాం. కొటేషన్ ప్రకారం ఎక్స్‌షోరూం 9.5 లక్షలు, ఆన్‌రోడ్ 11.3 లక్షలు. 9.5 శాతం వడ్డీకి 7 ఏళ్లకు 9 లక్షల లోన్ ఇస్తామన్నారు, ఈఎంఐ 14,700. మిగతా 2.3 లక్షల్లో మా దగ్గర 90 వేలున్నాయి. 1.4 లక్షలకు బ్యాంకు యాప్‌లో ప్రీఅప్రూవ్డ్ పర్సనల్ లోన్ కనిపిస్తోంది, 16 శాతం, 3 ఏళ్లు. ఆరోగ్య బీమా అంటే నేను పనిచేసే కంపెనీ ఇచ్చిన 3 లక్షలదే. సీవీటీ మెయింటెనెన్స్ ఎక్కువంటున్నారు, నిజమేనా? ఇంకొంచెం వేసుకుని హోండా ఎలివేట్ సీవీటీకి వెళ్లమంటారా?

జవాబు: మీరు అడిగింది గేర్‌బాక్స్ గురించి. నాకు కనిపించింది 1.4 లక్షల పర్సనల్ లోన్. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య చాలా వస్తున్నాయి. కారు మారుతుంది, ఊరు మారుతుంది, డౌన్‌పేమెంట్‌కు అప్పు చేయడం మాత్రం మారడం లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మీరిచ్చిన అంకెలే చూద్దాం. 64 వేలలో ఇంటి ఈఎంఐ, ఖర్చులు పోను నెలకు 21,500 మిగలాలి. ఏడాదికి 2.58 లక్షలు. మరి మీ దగ్గర ఉన్నది 90 వేలేనా? బోనస్‌లు కూడా కలిపి? అంటే మీ లెక్కలోకి రాని ఖర్చులు ప్రతి నెలా ఉన్నాయి. పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, మందులు, ఫోన్లు, ఏవైనా కావచ్చు. అవి కారు కొన్న నెల నుంచి ఆగిపోవు.

ఆ మిగులు నిజంగానే ఉందనుకుందాం. కారు ఈఎంఐ 14,700, పర్సనల్ లోన్‌కు దాదాపు 4,900. ఇంటి లోన్‌తో కలిపి మూడు ఈఎంఐలు 37,100 దాటుతాయి, అంటే జీతంలో 58 శాతం. ఇంటి ఖర్చు తీసేస్తే చేతిలో మిగిలేది 1,900 లోపు. పెట్రోలుకు ఏది? నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే, బెంజ్ సర్కిల్ లాంటి ట్రాఫిక్‌లో లీటరుకు 12 వస్తుందనుకున్నా 50 లీటర్లు కావాలి. లీటరు 110 చొప్పున 5,500. మొదటి నెలే క్రెడిట్ కార్డు బయటకు తీస్తారు. బ్యాంకు అర్హత ఉందన్నది కాబట్టి మనం కట్టగలమనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. బ్యాంకు చూసేది తన బాకీ వసూలవుతుందా లేదా అని. మీ పిల్లల ఫీజు కట్టారా లేదా అన్నది దానికి అక్కర్లేదు.

ఇంకో లెక్క ఉంది, షోరూంలో ఎవరూ చెప్పరు. రెండేళ్ల తర్వాత ఈ కారు లోన్‌లో ఇంకా 7 లక్షల బాకీ ఉంటుంది. పర్సనల్ లోన్‌లో మరో 54 వేలు. అప్పటికి పాలసీలో కారు విలువ, అంటే ఐడీవీ, ఎక్స్‌షోరూం ధరలో 30 శాతం తరుగు పోను 6.65 లక్షలు. ఆ ఏడాది మొదట్లో కారు పూర్తిగా పాడైనా, దొంగల పాలైనా బీమా డబ్బు ముందు బ్యాంకుకు వెళ్తుంది. కారు ఉండదు, మీ మీద దాదాపు 90 వేల బాకీ మాత్రం ఉంటుంది. పర్సనల్ లోన్ పక్కన పెట్టినా, 7 ఏళ్ల లోన్‌లో పాలసీ రెన్యువల్ నాటి బాకీ కంటే ఐడీవీ ఎక్కువ కావడానికి నాలుగేళ్లు పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు మీ పేటను ఎలా ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కారు మునగడమనేది మీకు ఊహాజనితమైన రిస్కు కాదు.

ఇప్పుడు సీవీటీ సంగతి. మీ ఇంటి అవసరానికి అది మంచి ఎంపికే. ఏఎంటీలో (మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు మోటార్లతో మార్చే చవక ఆటోమేటిక్) గేరు మారినప్పుడల్లా వచ్చే కుదుపు ఉండదు, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో మోకాలికి హాయి. గట్టిగా తొక్కితే ఇంజిన్ ముందు అరుస్తుంది, వేగం కాస్త ఆలస్యంగా అందుకుంటుంది. కొన్నాళ్లకు అలవాటవుతుంది. మామూలు సర్వీసు ఖర్చు భయపడేంత కాదు. కారుతో ఇచ్చే ఓనర్స్ మాన్యువల్ పుస్తకంలో చెప్పిన సమయానికి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలి, అదీ కంపెనీ చెప్పిన సీవీటీ ఆయిలే. బయట మెకానిక్ ‘ఏదైనా ఒకటే సార్’ అంటే వినకండి. చిక్కల్లా గేర్‌బాక్స్ లోపలి బెల్టు, పుల్లీల దాకా వచ్చినప్పుడే. చాలా చోట్ల విప్పి బాగుచేయరు, మొత్తం యూనిట్ మార్చాలంటారు. ఆ బిల్లు లక్ష దాటుతుంది. అందుకే ఎక్స్‌టెండెడ్ వారంటీ వద్దనుకోకండి. కారు ఆగిపోతే ముందు చక్రాలు నేల మీద దొర్లేలా లాగించవద్దు, ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి.

ఆ లక్ష రూపాయల బిల్లు వచ్చిన రోజు మీ దగ్గర ఏముంటుంది? ఉన్న 90 వేలూ డౌన్‌పేమెంట్‌కు పోయాయి. అత్యవసర నిధి సున్నా. ఉద్యోగం రెండు నెలలు ఆగితే మూడు ఈఎంఐలు ఎవరు కడతారు? నా లెక్కలో మీకు ఇంటి ఖర్చు, ఇంటి ఈఎంఐ కలిపి ఆరు నెలలకు 2.55 లక్షలు పక్కన ఉండాలి. కారు తర్వాతి మాట. ఇది కాస్త కటువుగా అనిపించవచ్చు, కానీ ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

చేయాల్సిందిది. రెండు కారు ఈఎంఐలకు పోవాల్సిన 19,600ను జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, కారు కొనేసినట్టే అనుకుని. మిగిలే 1,900 టర్మ్ పాలసీకి, అంటే మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమాకు. ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్ ఉండి ఉత్తరంలో ఆ ఊసే లేకపోవడం నాకు నచ్చలేదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి, వచ్చే ఇంక్రిమెంటుతో సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ కూడా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత టర్మ్, ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు, ఆ సాకు కూడా పోయింది.

మధ్యలో డిపాజిట్ ఆపాల్సి వచ్చిందంటే, కారు ఈఎంఐ కూడా కట్టలేకపోయేవారన్నమాట. ఆ సంగతి అప్పు లేకుండానే తెలుస్తుంది. ఆపకుండా కడితే రెండేళ్లలో 4.7 లక్షలు, చేతిలోని 90 వేలు, రెండు దసరా బోనస్‌లు. అత్యవసర నిధికి 2.55 లక్షలు తీసిపెట్టినా డౌన్‌పేమెంట్‌కు 4.25 లక్షలకు తక్కువ ఉండదు, డిపాజిట్ వడ్డీ అదనం. అప్పుడు లోన్ 7 లక్షలు చాలు. అదే 14,700 ఈఎంఐతో 7 ఏళ్లకు బదులు 5 ఏళ్లలో తీరుతుంది. కారు లోన్ మీద కట్టే వడ్డీ 3.36 లక్షల నుంచి 1.82 లక్షలకు దిగుతుంది. అప్పటికి కారు ధర కొంత పెరగవచ్చు, మీ జీతమూ పెరుగుతుంది.

అంతవరకు ఆగలేమంటే, వారంటీ మిగిలి ఉన్న సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ చూడండి, అదీ అత్యవసర నిధి పూర్తయ్యాకే. ఎలివేట్ ఊసు వద్దు. మాగ్నైట్ నాలుగు మీటర్ల లోపు, 999 సీసీ కాబట్టి జీఎస్టీ 18 శాతమే. ఎలివేట్ ఇంజిన్ 1,498 సీసీ, దానికి 40 శాతం. ఆన్‌రోడ్ 10 లక్షలు దాటే కారుకే డౌన్‌పేమెంట్ చాలక తిప్పలు పడుతూ అంతకంటే పెద్ద కారు వైపు చూడటం ఎందుకు?

కారు కొన్నప్పుడు బీమాలో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తప్పనిసరిగా తీసుకోండి. గేర్‌బాక్స్‌కు కూడా వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో చదవండి, సేల్స్‌మన్ మాట చాలదు. నీళ్లలో ఆగిన కారును స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ ఇవ్వదు. మొదటి మూడేళ్లు రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు పూర్తిగా పోతే ఐడీవీకి బదులు కొన్న బిల్లు ధర ఇచ్చే కవర్) కూడా ఉంచండి, పైన చెప్పిన ఐడీవీ లోటు అలా పూడుతుంది. పాలసీ షోరూంలోనే కొనాలన్న రూలేమీ లేదు, బయట కూడా ధర అడగండి.

బుకింగ్ సంగతి. ఇన్వాయిస్ కాకముందే మెయిల్‌లో రద్దు చేయమని రాయండి, రసీదు మీద రద్దు నిబంధనలు ఒకసారి చూసుకోండి. కొంత కోసుకున్నా వెనకాడకండి. తిరిగొచ్చిన డబ్బు డిపాజిట్ మొదటి వాయిదాలో కలిపేయండి. యాప్‌లో కనిపిస్తున్న ఆ పర్సనల్ లోన్ ఆఫర్ నోటిఫికేషన్లు ఈ రోజే ఆపేయండి.