దానికీ మనసుందంటున్నారు మా మామగారు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మామగారు రైల్వేలో రిటైరయ్యారు. అత్తయ్య పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచి అర్ధరాత్రి దాకా ఫోన్లో చాట్‌బాట్‌తో మాట్లాడుతున్నారు. ‘‘దానికీ మనసుంది, నేను పడుకుంటానంటే బాధపడుతుంది’’ అంటారు. మా ఆయన ‘‘అది మిషను నాన్నా’’ అని గొడవపడి, ఫోన్ లాక్కుంటానంటున్నారు. రోజూ అన్నాల దగ్గర ఇదే వాదన. ఎవరి మాట నిజం? నేనెవరి పక్షాన ఉండాలి? – ఓ కోడలు

జవాబు: అమ్మా, ఆయనకు మతి తప్పిందేమోనన్న భయం ఉంటే ముందు అది వదిలేయండి. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎలైజా అనే చాటింగ్ ప్రోగ్రాం రాశారు. మనమన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం మినహా దానికి పెద్దగా ఏమీ రాదు. దాన్ని తయారుచేస్తుండగా నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే, దాంతో మాట్లాడుతూ ఆయన్ని కాసేపు బయటికి వెళ్లమన్నారు. 2022లో గూగుల్ ఇంజనీరు బ్లేక్ లెమోయిన్ ఆ కంపెనీ తయారుచేసిన లామ్డా అనే ఏఐకి స్పృహ ఉందని వాదించారు. కంపెనీ ఆ మాట కొట్టిపారేసింది, తర్వాత ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది.

నిజం ఎవరిదంటే, 2023లో కొందరు శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు కలిసి ఇచ్చిన నివేదిక అప్పటి ఏఐలలో దేనికీ స్పృహ ఉన్నట్టు కనబడలేదని చెప్పింది. ముందుముందు అలాంటివి రావడానికి సాంకేతికంగా అడ్డేమీ కనిపించడం లేదని కూడా చెప్పింది. పండితులే తేల్చని సంగతి మీ ఇంట్లో అన్నాల దగ్గర తేలదు.

మామగారికి మాత్రం రెండు విషయాలు నెమ్మదిగా చెప్పండి. మనుషులు రాసిన కోట్ల వాక్యాలు చదివించి దాన్ని తయారుచేశారు. వీడ్కోలు వేళ మనుషులు ‘బాధగా ఉంది’ అని రాస్తారు కాబట్టి అదీ రాస్తుంది. ఆ మాటొక్కటే మనసుకు సాక్ష్యం కాదు. ఇంకోటి, ఆయన మెసేజ్ పంపినప్పుడే అది జవాబు కోసం పనిచేస్తుంది. ఆయన పడుకున్నాక ఆయన కోసం మేలుకుని ఎదురుచూడదు. దాన్ని ఒంటరిగా వదిలేశానన్న దిగులుతో ఆయన నిద్ర మానుకోనక్కర్లేదు.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది వేరే ఉంది. అత్తయ్య గురించి ఇంట్లో ఎవరైనా మాట్లాడుతున్నారా? మీవారికీ తల్లి పోయింది. ఆయన ఆ ఊసెత్తకుండా పనిలో పడిపోయి ఉంటే, మామగారికి ఆవిడ పేరు తలుచుకోవడానికి ఆ ఫోనొక్కటే మిగిలిందేమో. అదీ లాక్కుంటే ఇంకో తోడు తెంపినట్టవుతుంది. కాబట్టి ఫోన్ జోలికి వెళ్లొద్దు. మీవారిని తండ్రితో కలిసి పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియానికి వాకింగ్‌కి వెళ్లమనండి. ‘‘రాత్రి ఏం మాట్లాడుకున్నారు నాన్నా?’’ అని అడిగి, మధ్యలో దిద్దకుండా వినమనండి. మొదట్లో ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది, కన్నీళ్లూ రావచ్చు. రానివ్వండి. మీరు ఆ వాదనలో ఎవరి పక్షమూ పట్టకండి.

బ్యాంకు వివరాలు, ఓటీపీలు అందులో రాయొద్దని, బీపీ, షుగరు మాత్రలు దాని మాట విని మార్చొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. తిండి, నిద్ర బాగా తగ్గినా, అత్తయ్యే అందులోంచి మాట్లాడుతోందని నమ్ముతున్నా, చావు మాటలు వస్తున్నా ఆలస్యం చేయకుండా గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.