టెక్ సందేహాలు: ఫొటో రంగు దిద్దే ముందు తెర రంగు చూడండి

‘రాత్రి కూర్చుని ఫొటోలన్నీ ఎడిట్ చేశాను. అప్పుడు చాలా బాగున్నాయి. పొద్దున తెరిచి చూస్తే అన్నీ నీలంగా ఉన్నాయి, మనుషులు జ్వరం పడి లేచినట్టున్నారు. సాఫ్ట్‌వేర్‌లో లోపమా?’

మాటలు మార్చుకుని ఈ ప్రశ్న వస్తూనే ఉంది. ఒకరు ల్యాప్‌టాప్‌లో అంటారు, ఒకరు ఫోన్లో అంటారు, ఇంకొకరు ప్రింటు తీయించాక గాని తెలియలేదంటారు. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. నైట్ లైట్, ఐ కంఫర్ట్, బ్లూ లైట్ ఫిల్టర్... పేరు ఏదైనా అది చేసే పని ఒకటే. పొద్దుగూకగానే తెరలో నీలం తగ్గించి పసుపు వైపు నెడుతుంది. ఆ తెర మీద సవ్యంగా ఉన్న ఫొటో కూడా పసుపుగానే కనిపిస్తుంది. సరిచేద్దామని మీరు టెంపరేచర్ స్లైడర్‌ను నీలం వైపు జరుపుతారు. లేని జబ్బుకు మందు వేసినట్టయింది. తెల్లారాక తెర మామూలు రంగుకు వస్తుంది, మీరు కలిపిన నీలం మాత్రం ఫైల్లో ఉండిపోతుంది.

నైట్ లైట్ ఒక్కటే కాదు. గదిలో వెలుతురును బట్టి తెర తెలుపును మార్చే ఆప్షన్ ఇంకోటి ఉంటుంది. రంగుల్ని ఉన్నదానికన్నా గాఢంగా చూపించే ‘వివిడ్’ మోడ్ మరొకటి. ఫొటో ఎడిట్ చేసేంతసేపు ఈ మూడూ ఆఫ్‌లో ఉండాలి. ఇంటర్నెట్‌లో పెట్టే ఫొటోలకు ఆధారమైన ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణాన్ని 1996లో ప్రతిపాదించారు, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో తెలుపు అంటే సుమారు 6500 కెల్విన్ల తెలుపు (వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు). మీ తెర దానికి దగ్గరగా ఉంటేనే మీరు చూసి మెచ్చుకున్న రంగు అవతలివాళ్లకూ కనిపిస్తుంది.

తెర తయారుచేసేవాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒక అప్‌డేట్ తర్వాత నా కంప్యూటర్‌లో ఈ తెలుపు మార్చే ఆప్షన్ తనంతట తానే ఆన్ అయింది. నన్ను అడగలేదు, ఆన్ చేశానని చెప్పలేదు. రెండు వారాలు పనిచేసిన ఫొటోలన్నీ మళ్లీ మొదటినుంచి దిద్దుకోవాల్సి వచ్చింది. కళ్లకు హాయినిచ్చే సౌకర్యం కావలసినవాళ్లకు ఉండాల్సిందే, కాదనను. కానీ ఫొటో ఎడిటర్ తెరవగానే ‘మీ తెర ఇప్పుడు పసుపు మీద ఉంది’ అని ఒక్క ముక్క చెబితే ఎంతమంది శ్రమ మిగిలేది!

తెర సరిచేసుకున్నా కన్ను ఉంది. మన కన్ను ఏ వెలుతురుకైనా కాసేపట్లో అలవాటుపడి, దాన్నే తెలుపు అనుకుంటుంది. 2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఫొటో ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా? కొందరికి నీలం–నలుపు, కొందరికి తెలుపు–బంగారు రంగు. గౌను అసలు రంగు నీలం–నలుపే. ఎలాంటి వెలుతురులో తీసిన ఫొటో అని ఎవరి మెదడు ఎలా ఊహించుకుందో వాళ్లకు ఆ రంగు కనిపించింది. అరగంటసేపు ఒకే ఫొటోను వెచ్చగా మారుస్తూ కూర్చున్నవాళ్లకూ జరిగేది ఇదే. ఎంత పసుపు కలిపినా ఇంకా చాలలేదనిపిస్తుంది. లేచి పది నిమిషాలు బయట తిరిగి వచ్చి చూడండి. ఎడిటర్ వెనక రంగు మామూలు బూడిద రంగులో పెట్టుకోండి. గదిలో రంగు బల్బు వేసుకుని ఎడిట్ చేయకండి.

‘3000 కెల్విన్ల బల్బు పసుపుగా వెలుగుతుంది, 8000 అంటే నీలం అని చదివాను. మరి ఎడిటర్‌లో 8000 వైపు జరిపితే ఫొటో పసుపుగా ఎందుకవుతోంది? స్లైడర్ తిరగేసి పెట్టారా?’

మంచి ప్రశ్న. తిరగేసి పెట్టలేదు. ఆ అంకె ‘ఫొటోను ఈ రంగులోకి మార్చు’ అనే ఆజ్ఞ కాదు, ‘ఫొటో తీసినప్పటి వెలుతురు ఇది’ అని మీరు ఇచ్చే సమాచారం. 8000 అంటే నీలపు వెలుతురులో తీశానని చెప్పినట్టు. ఆ నీలాన్ని విరగ్గొట్టడానికి సాఫ్ట్‌వేర్ పసుపు కలుపుతుంది. కొవ్వొత్తి వెలుగు 1900 దగ్గర ఉంటుంది, పాత ఫిలమెంట్ బల్బు 2700 నుంచి 3000, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర, నీడపట్టు 7000 పైన. ఇనుమును కాలిస్తే ముందు ఎర్రగా, ఇంకా కాలిస్తే పసుపుగా, ఆపైన తెల్లగా వెలుగుతుంది. బాగా వేడెక్కిన నక్షత్రాలు నీలంగా వెలుగుతాయి. భౌతికశాస్త్రంలో ఎక్కువ వేడిది నీలం. మనమేమో నిప్పును చూసి ఎరుపును వెచ్చన అంటాం, నీళ్లను చూసి నీలాన్ని చల్లన అంటాం. తికమకంతా అక్కడ పుట్టింది.

ఇంకొక చిక్కు. అంకెలు ఒక్కటే అయినా అన్నిచోట్లా మార్పు ఒకేలా కనిపించదు. 3000ను 3500 చేస్తే ఫొటో కొట్టొచ్చినట్టు మారుతుంది, 8000ను 8500 చేస్తే మారిందా లేదా అనిపిస్తుంది. పది లక్షలను కెల్విన్లతో భాగిస్తే వచ్చే అంకెను మైరెడ్ అంటారు, కంటికి తెలిసే తేడా దానితో దగ్గరగా సరిపోతుంది. మొదటి మార్పు 48 మైరెడ్లు, రెండోది 7 మాత్రమే. కాబట్టి బల్బు వెలుతురు ఫొటోల్లో స్లైడర్‌ను కొంచెం కొంచెంగానే జరపాలి.

ఇదంతా రా ఫైల్, అంటే కెమెరా పట్టుకున్నది పట్టుకున్నట్టు దాచిన ఫైల్, ఉన్నవాళ్లకు. జేపెగ్‌లో కెమెరా తన లెక్క ప్రకారం రంగు కలిపేసి, మిగతాది పారేసి ఇస్తుంది. ఒక్కో రంగుకు 256 మెట్లే మిగులుతాయి. రా ఫైల్ 12 బిట్లదైతే 4096, 14 బిట్లదైతే 16384. బల్బు కింద తీసిన ఫొటోలో నీలం మొదలే తక్కువ, జేపెగ్‌లో దాన్ని లాగి పైకి తెస్తే ముందు కనిపించేది గరుకుదనం. వెలుతురు నమ్మకంగా లేనిచోట రా లో తీయండి. ఇక చెప్పేదేమీ లేదు.

ఉత్తరాలు రాసేవాళ్లకు ఒక మనవి. ‘ఫొటో పచ్చగా వస్తోంది’ అని రాస్తే నాకు సగమే అర్థమవుతుంది. మన భాషలో పసుపుదీ పచ్చే, ఆకుదీ పచ్చే. ఫొటోలో మాత్రం ఆ రెండూ వేర్వేరు స్లైడర్ల మీద ఉంటాయి. పసుపు–నీలం టెంపరేచర్ చూసుకుంటుంది, ఆకుపచ్చ–మెజెంటా (ఊదా కలిసిన గులాబీ) టింట్ చూసుకుంటుంది. ట్యూబ్‌లైట్ కింద, నాసిరకం ఎల్‌ఈడీ కింద ముఖాలు పాలిపోయినట్టు కనబడేది చాలాసార్లు ఆకుపచ్చ వల్ల. దాన్ని పసుపు అనుకుని టెంపరేచర్ తగ్గిస్తే నీలమూ ఆకుపచ్చా కలిసి ఇంకా పాడవుతుంది. ముందు టింట్‌ను కాస్త మెజెంటా వైపు జరిపి చూడండి. ‘ఇక్కడ ఏ రంగూ లేదు’ అని ఎడిటర్‌కు చూపించే డ్రాపర్‌తో ఫొటోలోని తెల్ల కాగితం మీద నొక్కేవాళ్లు చాలామంది. వద్దు. కాగితం తెల్లగా కనబడాలని కలిపే రసాయనాలు పగటి వెలుతురులో నీలంగా మెరుస్తాయి, దాన్ని నమ్మితే ఫొటో ఉండాల్సినదానికన్నా వెచ్చబడుతుంది. బూడిద రంగు కార్డు వాడండి.

‘సినిమాల్లోలా టీల్ అండ్ ఆరెంజ్ (ఆకుపచ్చ కలిసిన నీలం, నారింజ) లుక్ కోసం ప్రీసెట్ (ముందే అమర్చిపెట్టిన సెట్టింగులు) వేస్తే ముఖాలు ఇటుక రంగులోకి పోతున్నాయి. ఏం తప్పు చేస్తున్నాను?’

సరిదిద్దడం, రంగు వేయడం రెండు వేరువేరు పనులు. మీరు మొదటిది చేయకుండా రెండోదానికి దిగారు. ఫొటోలో అప్పటికే బల్బు పసుపు ఉంది, దాని మీద ప్రీసెట్ ఇంకాస్త నారింజ పోసింది. ముందు వైట్ బ్యాలెన్స్‌తో, అంటే ఆ టెంపరేచర్, టింట్ స్లైడర్లతో, ఫొటోను ఎటూ వాలకుండా నిలబెట్టండి. ఆ తర్వాత కలర్ గ్రేడింగ్ చక్రాల దగ్గరికి రండి. హైలైట్స్‌కు (వెలుగు భాగాలకు) చక్రం మీద 40 డిగ్రీల దగ్గర నారింజ, షాడోస్‌కు (నీడ భాగాలకు) 210 దగ్గర నీలం, శాచురేషన్ (గాఢత) రెండిటికీ 10 దాటకుండా మొదలుపెట్టండి. మిడ్‌టోన్స్ జోలికి పోకండి, ముఖం ఉండేది ఎక్కువగా అక్కడే.

ఈ జోడీ ఎందుకు పనిచేస్తుందంటే, చర్మం లేతదైనా ముదురుదైనా దాని వర్ణం దాదాపు ఒకే చోట, ఎరుపుకూ పసుపుకూ మధ్య ఉంటుంది. తేడా అంతా వెలుగులోనూ గాఢతలోనూ. వీడియో ఎడిటర్లలో రంగులను గుండ్రటి పటంగా చూపించే వెక్టర్‌స్కోప్ మీద చర్మం కోసం ఒకే గీత ఉండేది అందుకే. వర్ణచక్రంలో ఆ నారింజకు సరిగ్గా ఎదురుగా నీలిఛాయలు ఉంటాయి. ఎదురెదురు రంగులు పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి ఎగదోస్తాయని మిషెల్ షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1839లోనే వివరంగా రాశాడు. వెచ్చదనం తెలియాలంటే పక్కన ఎక్కడో చల్లదనం ఉండాలి. ఫొటో మొత్తానికి పసుపు పూస్తే అది వెచ్చగా అనిపించదు, మురికి అద్దంలోంచి చూసినట్టుంటుంది. ఫొటోలో ఒక తెల్ల చొక్కానో బూడిద గోడనో రంగు అంటకుండా వదలండి, కన్నుకు అది ఆనవాలు.

ఈ ప్రశ్న వదిలి ఒక మాట చెప్పాలి. ప్రీసెట్లలో చాలా ‘క్లీన్ స్కిన్’ అని పేరు పెట్టి ఒకే పని చేస్తున్నాయి. నారింజ శాచురేషన్ తగ్గించడం, లూమినెన్స్ (వెలుగు) పెంచడం. ముదురు చర్మం మీద అది వేస్తే రంగు తగ్గదు, జీవం తగ్గుతుంది. మనిషి బూడిద పూసుకున్నట్టవుతాడు. దాని మీద కూల్ టోన్ కూడా వేస్తే చెప్పనక్కర్లేదు. ఫోన్ కెమెరాలైతే మనం బటన్ నొక్కకముందే ఈ పని చేసి పెడుతున్నాయి, ఆ సెట్టింగ్ ఎక్కడుందో వెతుక్కోవడమే ఒక పని. ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో ప్రింటు రంగులు సరిచూసుకోడానికి ‘షర్లీ కార్డులు’ అనే నమూనా ఫొటోలు ఉండేవి. చాలాకాలం వాటిలో ఉన్నది తెల్లజాతి మహిళలే. యంత్రం ఆ చర్మానికి సరిపడేలా అమర్చుకునేది, మిగతావాళ్లు చీకట్లో కలిసిపోయేవాళ్లు. ఆ కార్డులు పోయి ఇన్నేళ్లయినా అదే కొలత ప్రీసెట్ల రూపంలో తిరిగి రావడం నాకు బాధగా ఉంది. మీ అమ్మ ఫొటో ఎడిట్ చేస్తుంటే ఆమె రంగును ఆమెదిగా ఉంచండి.

‘500 సినిమాటిక్ లట్స్ ఉచితం అని ఒక జిప్ ఫైల్ దొరికింది. ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపవచ్చా?’

ఆపకండి. ఆ జిప్‌ను ఇప్పుడే తీసేయండి. లట్ అంటే ఒక పట్టిక, అంతే. ‘ఈ రంగు వస్తే దాన్ని ఆ రంగుగా మార్చు’ అని అంకెలు రాసి ఉంటాయి. డాట్ క్యూబ్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవొచ్చు. 33 మెట్ల లట్ అయితే 33×33×33, అంటే 35,937 వరుసలు, వరుసకు మూడు అంకెలు. దాన్ని ఎడిటర్‌లోకి దిగుమతి చేసుకుంటాం గాని, అది తనంతట తాను ఇన్‌స్టాల్ అయ్యేది కాదు. అంకెల పట్టికకు యాంటీవైరస్‌తో పనేమిటి? ఇన్‌స్టాల్ అడుగుతోందంటే లోపల ఉన్నది లట్ కాదు. కంప్యూటర్‌లో ఫైల్ పేరు చివరి అక్షరాలు దాచిపెట్టే సెట్టింగ్‌ను ముందు ఆపేయండి, లేకపోతే ‘సినిమాటిక్.క్యూబ్’ అని కనబడే ఫైల్ వెనక ‘.ఈఎక్స్‌ఈ’ (ప్రోగ్రామ్ ఫైల్ గుర్తు) ఉన్నా మీకు తెలియదు.

ఫోన్లలో ఇంతకన్నా ఘోరం. డబ్బు కట్టాల్సిన ఎడిటర్‌ను ‘ప్రో అన్‌లాక్డ్’ అని ఏపీకే రూపంలో, అంటే యాప్ స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే ఫైల్‌గా, పంచుతుంటారు, ఫ్రెండు పంపాడని వేసుకుంటారు. అది యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఫొటోలో నీలం తగ్గించడానికి మీ మెసేజ్‌లు ఎందుకు? యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే ఆ యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. మెసేజ్‌లు కూడా ఇచ్చారంటే బ్యాంకు పంపే ఓటీపీ దాని చేతిలో ఉన్నట్టే.

నాకు అన్నిటికన్నా దిగులు గ్యాలరీ విషయంలో. దొంగ యాప్ కానక్కర్లేదు, సరైన చోటు నుంచి తీసుకున్న యాప్‌కైనా ఆలోచించకుండా ‘అన్ని ఫొటోలకూ అనుమతి’ నొక్కేస్తున్నాం. గ్యాలరీలో ఏమున్నాయో ఒకసారి చూసుకోండి. గుర్తింపు కార్డుల ఫొటోలు, పాస్‌వర్డ్ స్క్రీన్‌షాట్లు, వైద్య పరీక్షల రిపోర్టులు, పిల్లల ఫొటోలు. చాలా ఫొటోల్లో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి ఉంటుంది. ఇప్పటి ఫోన్లలో ‘ఎంచుకున్న ఫొటోలు మాత్రమే’ అనే ఆప్షన్ ఉంది, అదే నొక్కండి. ఆ ఎంపిక ఇస్తే పనిచేయనని మొండికేసే ఎడిటర్ ఉంటే దాన్ని తీసేయండి.

ఇంకో పరీక్ష. ఇంటర్నెట్ ఆపి అదే యాప్‌లో ఫొటోను వెచ్చగా చేసి చూడండి. వెచ్చగా, చల్లగా మార్చడమంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను మూడు అంకెలతో గుణించడం, మీ ఫోన్ దాన్ని రెప్పపాటులో చేసేస్తుంది. నెట్ లేదు కాబట్టి చేయనంటోందంటే మీ ఫొటో ఏదో సర్వర్‌కు వెళ్లి వస్తోందనుకోవచ్చు. అక్కడ దాన్ని ఎన్నాళ్లు ఉంచుతారో వాళ్ల నిబంధనల్లో వెతికి చదవండి, దొరక్కపోతే వాడకండి.

అలాంటి ఏపీకే ఇప్పటికే వేసుకున్నామని రాసినవాళ్లు: ముందు ఫోన్లో డేటా, వైఫై ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతి తీసేయండి, ‘డివైస్ అడ్మిన్’ జాబితాలో ఉంటే అక్కడా తీసేయండి. అవి ఉండగా కొన్ని యాప్‌లు అన్‌ఇన్‌స్టాల్ కానివ్వవు. తర్వాత యాప్ తొలగించండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్లు వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి, ఈ ఫోన్ నుంచి కాదు. బ్యాంకుకు ఆరోజే ఫోన్ చేయండి. ఆ తర్వాత కావలసిన ఫొటోలు మాత్రం బయటికి తీసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.