మందార పొదలో పిగిలిపిట్ట

ప్ర: మా పెరట్లో మందార పొదలో ఒక పిట్ట గూడు పెట్టింది. దానికి నల్లటి జుట్టు, చెంప మీద ఎర్ర మచ్చ ఉన్నాయి. గూట్లో మూడు గుడ్లున్నాయి. పొద గేటుకు అడ్డొస్తోంది, పైగా పిండినల్లి పట్టింది. కత్తిరించి మందు కొట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, అరకులోయ

జ: ఇప్పుడు రెండూ వద్దండి. అది పిగిలిపిట్టల్లోనే ఒక రకం, రెడ్ విస్కర్డ్ బుల్‌బుల్. మామూలు పిగిలిపిట్టకు ఎరుపు తోక కిందే ఉంటుంది, దీనికి చెంప మీదా ఉంటుంది, జుట్టేమో కొమ్ములా నిక్కి ఉంటుంది. పొదగడానికి సుమారు 12 రోజులు, పిల్లలు గూడు వదలడానికి ఇంచుమించు మరో 12 రోజులు. నెల ఓపిక పట్టండి, చాలు.

గూటి మీది ఆకు తీసేస్తే కాకికీ జెముడుకాకికీ దారి చూపినట్టే. గేటుకు అడ్డొచ్చే కొమ్మల్ని కత్తిరించకుండా తాడుతో పక్కకు లాగి కట్టండి. గూడున్న కొమ్మను మాత్రం కదపవద్దు. రోజుకు నాలుగుసార్లు ఆకులు తొలగించి తొంగిచూడటం కూడా చేటే. కాకి మిమ్మల్నీ గమనిస్తుంది.

ఇక మందు సంగతి. తల్లీతండ్రీ పళ్లు తింటాయిగానీ, పసిపిల్లలకు పెట్టేది ఎక్కువగా గొంగళిపురుగులు, చిన్న కీటకాలు. మందు తగిలిన పురుగు నేరుగా పిల్ల నోట్లోకే పోతుంది. గూటికి దూరంగా ఉన్న కొమ్మల మీది పిండినల్లిని తడిగుడ్డతో తుడిచేయండి.

ప్ర: గూట్లోంచి పిల్ల పడిపోయింది. పాలు పట్టవచ్చా?
– ఒక పాఠకుడు, పాడేరు

జ: పాలు అసలు వద్దు. నీళ్ల చుక్కలూ వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంటి మీద ఈకలు రాకపోతే తిరిగి గూట్లో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది ఉత్తమాట. ఈకలొచ్చి గెంతుతుంటే అది పడలేదు, దిగింది! సరిగ్గా ఎగరడం రాకముందే ఇవి గూడు వదిలేస్తాయి. దగ్గరి పొదలో కూర్చోబెట్టి, పిల్లిని ఇంట్లో కట్టడి చేయండి. మేత పెద్దవే తెస్తాయి. చెంప మీద ఎరుపు లేదని వేరే పక్షి అనుకోకండి, అది పెద్దయ్యాకే వస్తుంది.

ప్ర: చలికాలం సాయంత్రాల్లో ఈ పిగిలిపిట్టలన్నీ ఒకే చోటికి చేరతాయెందుకు?

జ: రాత్రి పడకకు. జంటలుగా విడిపోయేది గూళ్ల కాలంలోనే. మిగతా రోజుల్లో ఒక్కోచోట వందకు పైగా చేరతాయి.

ప్ర: సిడ్నీలో మా పెరట్లోనూ ఇదే పిట్ట. గింజలు పెట్టనా?

జ: వద్దు. 1880లో అక్కడికి తెచ్చి వదిలిన పక్షి అది. పళ్లతోటలకు నష్టం చేస్తుంది, లాంటానా, ప్రివెట్ లాంటి కలుపు పొదల గింజల్ని ఊరంతా చల్లుతుంది. చెట్టుకు కాయలుంటే తెల్లటి వల బిగుతుగా కట్టండి. వల కన్నుల్లో మీ వేలు దూరకూడదు. దూరితే పక్షుల కాళ్లూ తలలూ చిక్కుకుంటాయి.